రక్తాన్ని రంగుతో కొలిచిన మన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవితం ఉండటం ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, చదువుకున్నాం. ఈసారి ఆ పేజీని మాకు అప్పగించారు. మేము ఇదే చందూర్ హాస్టల్‌లో పదో తరగతి దాకా చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థులం. మాలో కొందరం ఒకేషనల్ ఇంటర్‌లో ఎం.ఎల్.టి. చేసి నిజామాబాద్, బోధన్‌లలో రక్తపరీక్షల ల్యాబుల్లో పనిచేస్తున్నాం. రోజూ సూది, ట్యూబు, సీరం, రిపోర్టు – ఇదే మా బతుకు. అందుకని మా వృత్తికి పెద్దదిక్కు లాంటి ఒక తెలుగువాడి జీవితం రాయాలని అనుకున్నాం. ఆయన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. తమ్ముళ్ళలో చాలామందికి ఈ పేరు జనరల్ నాలెడ్జి బిట్టుగానే తెలుసు. ఆయన పని మాత్రం మీ ఒంట్లోకే వచ్చి చేరింది. అదెలాగో ముందు ముందు చెబుతాం.

సుబ్బారావు 1895 జనవరి 12న పశ్చిమ గోదావరిలోని భీమవరంలో పుట్టారు. మన వర్ని, బోధన్ వైపు క్యాంపుల్లో స్థిరపడిన గోదావరి జిల్లాల కుటుంబాలకు ఆ ఊరు కొత్త కాదు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడమే కష్టమైంది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి పారిపోయాడు. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఆ పిల్లవాడి ఆలోచన. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. హాస్టల్ గోడ దూకి వెళ్ళిపోయి, మర్నాడు అమ్మ చెయ్యి పట్టుకొని తిరిగివచ్చిన మిత్రులు మా రోజుల్లోనూ ఉన్నారు కాబట్టి ఈ సంగతి మాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసులోని హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ఆ చదువు కోసం తల్లి తన ఒంటి మీది బంగారం అమ్మింది. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకోవాలని మనసు పడ్డాడు. అమ్మ ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. మిత్రులు కొంత, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత సాయం చేస్తే ఆ చదువు సాగింది. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్ళి జరిగింది.

గాంధీజీ పిలుపు విని విదేశీ గుడ్డ వదిలేసి, ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌను వేసుకొని నిలబడ్డాడు. శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది గిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా 1921లో చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. దాంతో మద్రాసు ప్రభుత్వ వైద్య ఉద్యోగం కూడా దొరకలేదు. ఒక గుడ్డ ముక్క మనిషి జీవితాన్ని ఎంత దూరం తిప్పుతుందో చూడండి.

అప్పటికే ఆ ఇంట్లో పెద్ద దెబ్బ తగిలి ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాతో పోయారు. ఆ జబ్బు సుబ్బారావునూ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం శరీరశాస్త్రం చెప్పాడు. తోడబుట్టినవాళ్ళను తీసుకుపోయిన జబ్బుకు మందు ఏమిటన్న ప్రశ్న మాత్రం ఆయనను వదల్లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, మామగారు సర్దిన డబ్బు పట్టుకొని ఓడ ఎక్కి 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగాడు. భార్య అప్పుడు గర్భవతి. పుట్టిన మగబిడ్డ ఏడాది తిరగకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. మళ్ళీ ఇండియాకూ రాలేదు. శేషగిరమ్మ గారి ఎదురుచూపు గురించి ఎవరూ పెద్దగా రాయరు. రాయవలసిన సంగతే అది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల చదువు పగలు. రాత్రి పూట పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఇక్కడి డాక్టరు చదువు అక్కడ చెల్లలేదు మరి. ఆ తర్వాత అదే హార్వర్డ్ మెడికల్ స్కూల్లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. మా ల్యాబువాళ్ళకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది, అందుకని కొంచెం నిదానంగా చెబుతాం.

రక్తంలో ఏ పదార్థం ఎంత ఉందో కంటితో చూస్తే తెలియదు. మన వైపు రైతుకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. చెరకు గడ ఎంత లావుగా, ఎంత నిగనిగలాడినా అందులో చక్కెర ఎంతో గడను చూసి చెప్పలేం. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచిన రోజుల్లో ఫ్యాక్టరీ ల్యాబులో రసం శాంపిల్ పరీక్షించి రికవరీ శాతం తేల్చేవారు. 2015 చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది గానీ రికవరీ అన్న మాట మన ఇళ్ళల్లో ఇంకా వినిపిస్తుంది. రక్తం సంగతి కూడా అంతే. శాంపిల్ తీయాలి, లోపలి పదార్థాన్ని కంటికి కనిపించేలా చేయాలి.

ఫిస్కే, సుబ్బారావు కొలవదలచుకున్నది భాస్వరం. రక్తంలో, మూత్రంలో, కండరాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతులు అప్పటికే కొన్ని ఉన్నా వాటిమీద వాళ్ళకు నమ్మకం కుదరలేదు. వాళ్ళు తయారుచేసిన పద్ధతి ఇది. ముందు రక్తంలోని ప్రోటీన్లను ఆమ్లంతో విరిచి వడగట్టాలి. ఆ వడపోతకు మాలిబ్డేట్ అనే రసాయనం కలపాలి, దానికి ఇంకొక రసాయనం జోడించాలి. గొట్టంలో నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎక్కువ ఉంటే ముదురు నీలం, తక్కువ ఉంటే లేత నీలం. ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రావణాన్ని పక్కన పెట్టి, రెండు రంగులను కలరీమీటరులో పోల్చితే లెక్క తేలిపోతుంది. 1925లో ఈ పద్ధతి అచ్చయింది. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్లో అత్యధికంగా ప్రస్తావించిన పాత వ్యాసాల్లో అదొకటి. మేము ఎం.ఎల్.టి. మొదటి ఏడాది రికార్డులో ఈ పేరు రాసుకున్నాం. అందులో సగం పేరు భీమవరం వాడిదని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ రంగే ఆయనకు ఇంకొక రహస్యం చూపింది. కండరం నుంచి తీసిన వడపోతలో నీలం రంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. మేమైతే తప్పకుండా అదే చేస్తాం. వీళ్ళిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెతికారు. గొట్టంలోని ఆమ్లంలో విడిపోతూ భాస్వరాన్ని కొంచెం కొంచెంగా వదిలే పదార్థం ఏదో కండరంలో ఉందని గుర్తించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా వేరే దారిలో దాని జాడ పట్టారు. 1929లో ఎ.టి.పి.ని కండరం నుంచి వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుక్కున్నాడు. కండరం ముడుచుకోవాలంటే, గుండె కొట్టుకోవాలంటే కావలసిన శక్తి ఈ రెండు పదార్థాల దగ్గర ఉంటుంది. లాక్టిక్ ఆమ్లం నుంచే కండరానికి శక్తి వస్తుందన్న అప్పటి సిద్ధాంతానికి దీంతో పునాది కదిలింది.

గుండెనొప్పితో వచ్చిన మనిషికి ఎమర్జెన్సీలో సి.పి.కె. అనే పరీక్ష దశాబ్దాల పాటు రాశారు. అందులో కొలిచే ఎంజైము చేసే పని ఏమిటంటే ఫాస్ఫోక్రియాటిన్‌కూ ఎ.టి.పి.కీ మధ్య భాస్వరాన్ని అటూ ఇటూ మార్చడం. గుండె కండరం దెబ్బతింటే ఆ ఎంజైము రక్తంలోకి కారుతుంది. ఇప్పుడు ట్రోపోనిన్ పరీక్ష దాని స్థానంలోకి వచ్చింది. ఏదైనా అది దెబ్బ తగిలిన తర్వాత చెప్పే పరీక్ష. దెబ్బ తగలకముందే, పది పదిహేనేళ్ళ ముందే హెచ్చరించే పరీక్ష ఆ రోజుల్లో లేదు.

1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన కొలువు ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలకు వెళ్ళి, కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. తర్వాతి ఎనిమిదేళ్ళలో ఆయన బృందాలు చేసిన పని చూస్తే ఒక మనిషి జీవితంలో ఇంత పడుతుందా అనిపిస్తుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అది స్ప్రూ జబ్బుకు పనిచేస్తుందని డాక్టర్లు చూపించారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు చివరికి ఆయన ల్యాబు నుంచే వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం తెచ్చి 1948 జూన్‌లో ప్రకటించాడు. బోదకాలుకు హెట్రజాన్ అక్కడే వచ్చింది. బెంజమిన్ డగ్గర్ కనుక్కున్న ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది.

తమ్ముళ్ళూ, మీ ఒంట్లోకి వచ్చిందని అన్నది ఇదే. వారానికోసారి స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఫోలిక్ ఆమ్లమే. మన జిల్లాలో ఊరందరి చేతా మింగించిన బోదకాలు మాత్ర డి.ఇ.సి. అంటే ఆ హెట్రజానే. ఆయన పేరు తెలియకుండానే ఆయన పనిని మనం రెండుసార్లు మింగాం.

1948 ఆగస్టులో ఒక రాత్రి ఆయన నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. రంగుతో రక్తాన్ని చదవడం నేర్పిన మనిషి అలా వెళ్ళిపోయారు. ఆయన రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత ఉండేదో చెప్పడానికి ఈ రోజు ఎవరి దగ్గరా ఆధారం లేదు, ఊహించి రాయడం న్యాయం కాదు. కొలెస్ట్రాల్‌ను రంగుతో కొలవడం అప్పటికే వచ్చు. ఆసిటిక్ అన్‌హైడ్రైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే అది ఆకుపచ్చగా మారుతుందని 19వ శతాబ్దం చివరే లీబర్మన్, బర్చర్డ్ చూపించారు. కొలెస్ట్రాల్ తినిపించిన కుందేళ్ళ రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటుందని 1913లోనే రష్యాలో అనిచ్కోవ్ చూపించాడు. ఫిస్కే–సుబ్బారావు నీలం రంగుతోనే రక్తంలోని ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వునూ కొలిచేవారు. ఇన్ని తెలిసినా, ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి రక్తంలో ఫలానా అంకె ఉంటే ఇన్నేళ్ళలో ఇంత ముప్పు అని చెప్పగలిగిన డాక్టరు ప్రపంచంలో ఒక్కరూ లేరు. అలా చెప్పాలంటే వేలమందిని జబ్బు రాకముందు కొలిచి, ఏళ్ళ తరబడి వెంట ఉండి చూడాలి.

ఆ పని సరిగ్గా అప్పుడే మొదలైంది. ఆయన పోయిన రెండు నెలల లోపే, 1948 సెప్టెంబరు చివర్లో, ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణంలో మొదటి మనిషిని పరీక్షించారు. అది ఆయన పదిహేడేళ్ళు బతికిన బోస్టన్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 30 నుంచి 62 ఏళ్ళ మధ్య 5,209 మంది స్త్రీ పురుషులను చేర్చుకొని రెండేళ్ళకోసారి బి.పి., కొలెస్ట్రాల్, బరువు, పొగతాగే అలవాటు రాసుకుంటూ పోయారు. 1961 నాటికి లెక్క తేలింది. కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్ళకూ, బి.పి. ఎక్కువ ఉన్నవాళ్ళకూ గుండెజబ్బు ఎక్కువ వస్తోంది. 1977లో ఇంకొక మెలిక బయటపడింది. హెచ్.డి.ఎల్. అనే రకం ఎక్కువ ఉంటే ముప్పు తగ్గుతోంది. మొత్తం అంకె ఒక్కటి చూస్తే చాలదని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు మా బల్ల మీద జరిగేది చెబుతాం. ట్యూబులోని రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేస్తాం. పది మైక్రోలీటర్లు, అంటే చుక్కలో చిన్న భాగం, ఒక మిల్లీలీటరు రీయేజెంట్‌లో వేసి 37 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచితే గులాబీ రంగు వస్తుంది. బ్లాంక్, స్టాండర్డ్, టెస్ట్ అని మూడు గొట్టాలు. మిషన్ ఆ రంగును చదివి అంకె ఇస్తుంది. రసాయనాలు మారాయి, నీలం పోయి గులాబీ వచ్చింది. తెలిసిన రంగుతో తెలియని రంగును పోల్చే సూత్రం మాత్రం సుబ్బారావు వాడినదే.

లిపిడ్ ప్రొఫైల్ కాగితంలో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు, ఎల్.డి.ఎల్. అని నాలుగు ముఖ్యమైన అంకెలుంటాయి. చాలా చిన్న ల్యాబుల్లో ఎల్.డి.ఎల్.ను కొలవరు, లెక్కకడతారు. ట్రైగ్లిజరైడ్లను ఐదుతో భాగించి, దాన్నీ హెచ్.డి.ఎల్.నూ మొత్తంలోంచి తీసేయాలి. 1972లో ఫ్రీడెవాల్డ్ అనే ఆయన చెప్పిన లెక్క ఇది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే చెల్లదు. పదో తరగతి తమ్ముళ్ళు ఈ లెక్క చేయండి. ఒకరికి మొత్తం 210, హెచ్.డి.ఎల్. 65, ట్రైగ్లిజరైడ్లు 100. ఇంకొకరికి మొత్తం అదే 210, హెచ్.డి.ఎల్. 35, ట్రైగ్లిజరైడ్లు 200. ఎల్.డి.ఎల్. మొదటివారికి 125, రెండోవారికి 135 వస్తుంది. పెద్ద తేడా లేదనిపిస్తుంది కదా. కానీ మొత్తంలోంచి హెచ్.డి.ఎల్. ఒక్కటే తీసేసి చూస్తే మొదటివారికి 145, రెండోవారికి 175. నాళాల గోడలకు అంటుకునే కొవ్వంతా ఆ మిగిలిన అంకెలోనే ఉంటుంది. మొత్తం అంకె ఒక్కటే అయినా ఇద్దరి గుండెలూ ఒక్క దారిలో లేవు.

మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఆ రెండో రకమే. హెచ్.డి.ఎల్. తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ. మూడు పూటలా అన్నమే కంచం నిండా, పప్పూ కూరా పక్కన కొంచెం, పైన తీపి టీలు – ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి నూనే తాగనక్కర్లేదు. చెరకు ప్రాంతం వాళ్ళం కాబట్టి ఈ మాట చెప్పడానికి మాకే కొంచెం మొహమాటంగా ఉంది. ఇంకొక మొహమాటం బీడీ. మాలో చాలామంది ఫీజులు అమ్మ చుట్టిన బీడీల మీద వచ్చినవే. ఆ బీడీని నాన్న తాగుతుంటే కొలెస్ట్రాల్ అంకె బాగున్నా ముప్పు తగ్గదు. కొలెస్ట్రాల్ ఒక్కటే తీర్పు చెప్పదు. వయసు, బి.పి., షుగర్, పొగాకు, తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చిందా అన్న సంగతి – ఇవన్నీ పక్కపక్కన పెట్టి డాక్టరు చూడాలి. ఫ్రేమింగ్‌హామ్ వాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళు కాబట్టి ఆ లెక్క మనవాళ్ళకు అచ్చుగుద్దినట్టు సరిపోదు, మన ముప్పును తక్కువ చేసి చూపవచ్చు.

ఎందుకంటే మన దగ్గర గుండెపోటు ముందుగా వస్తుంది. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం నుంచి 2007లో తేలిన లెక్క ప్రకారం, దక్షిణాసియాలో మొదటి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా దేశాల్లో దాదాపు 59. ఆ 53 చదివినప్పుడు మాకు సుబ్బారావు గారే గుర్తుకువచ్చారు. మా బ్యాచుల్లో కూడా ఇద్దరు యాభై చూడకుండానే పోయారు. ఇళ్ళవాళ్ళను బాధపెట్టడం ఇష్టం లేక పేర్లు రాయడం లేదు. ఇద్దరూ ఒక్కసారైనా లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోలేదని తర్వాత తెలిసింది. ల్యాబుల్లో పనిచేసే మేము పక్కనే ఉన్నాం.

డబ్బు ఇప్పుడు పెద్ద అడ్డు కాదు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే శాంపిల్ తీసుకొని ఉచితంగా పరీక్షించే ఏర్పాటు 2021లో జిల్లాలకు వచ్చింది. మొదటిసారి చూసుకోవడానికి పరగడుపున రాలేకపోయినా చాలావరకు పరవాలేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తే మాత్రం మళ్ళీ పరగడుపున ఇవ్వమంటారు. అంకె ఎక్కువ వస్తే మందులున్నాయి. జపాన్‌లో అకిరా ఎండో 1970లలో మొదలుపెట్టిన స్టాటిన్ల పరిశోధన 1987 నుంచి మాత్రలుగా జనానికి అందుతోంది. సుబ్బారావు గారి కాలానికి అవీ లేవు.

పూర్వ విద్యార్థుల రిజిస్టరులో పేరు, బ్యాచ్, ఊరు, ఫోను గడుల పక్కన ఈ ఏడాది ఇంకొక గడి గీశాం. చివరిసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించిన సంవత్సరం. అంకెలు రాయనక్కర్లేదు, సంవత్సరం చాలు. ఈ వ్యాసం ప్రెస్సుకు ఇచ్చే నాటికి మొదటి పేజీలో ఉన్నవి 28 పేర్లు. ఆ గడి నిండింది 5 పేర్లకు.